కట్టెలో నిప్పు దాగి ఉన్నదా? - వేడిమి, రాపిడి అనే రెండు భావనల చరిత్ర

శీతకాలం తెల్లవారుజామున వుజూ చేసి మస్జిద్ మెట్లెక్కే ప్రతి మనిషీ తెలియకుండానే ఒక పని చేస్తాడు. రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి గట్టిగా రుద్దుకుంటాడు. నాలుగు క్షణాల్లో చేతులు వెచ్చబడతాయి. నిప్పు లేదు, ఎండ లేదు, దుప్పటి లేదు. మరి ఆ వెచ్చదనం ఎక్కడి నుండి వచ్చింది? అది ముందే చేతుల్లో దాగి ఉండి రుద్దగానే బయటపడిందా? లేక అంతకుముందు లేనిది రుద్దడం వల్ల కొత్తగా పుట్టిందా?

ఇది చిన్నపిల్లల ప్రశ్నలా కనిపించవచ్చు. కాని బస్రా, బగ్దాద్ నగరాల పండితులు హిజ్రీ మూడవ శతాబ్దంలో దీనిపై గ్రంథాలు నింపారు. దానికి కొలతతో కూడిన జవాబు వచ్చింది మాత్రం క్రీ.శ. 19వ శతాబ్దం నడుమ. ఈ వెయ్యేళ్ళ దారిలో మన పండితులు ఎంతవరకు నడిచారు, ఎక్కడ నిలిచిపోయారు అన్నది నిజాయితీగా చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. "నిజాయితీగా" అన్న మాట ఊరికే వాడలేదు. దాని వెనుక నా స్వానుభవం ఒకటి ఉన్నది. దాన్ని వ్యాసం చివర మనవి చేస్తాను.

మాటల సంగతి

ముందుగా మాటల విషయం తేల్చుకోవాలి. అనువాదకుడికి మాటలే పనిముట్లు. అరబీలో 'హరారత్' అంటే వేడిమి. మద్రసాలో 'హిదాయతుల్ హిక్మహ్' మీద మైబుజీ వ్యాఖ్య చదివేటప్పుడు మాకు పరిచయమైన మాట అది. నిప్పు స్వభావం వేడి, పొడి అనీ, నీటి స్వభావం చలువ, తడి అనీ, గాలిది వేడి, తడి అనీ, మట్టిది చలువ, పొడి అనీ వల్లించాము. కొన్నేళ్ళ తరువాత విశ్వవిద్యాలయంలో చేరితే అక్కడి అధ్యాపకుడు రెండు మాటలను వేరు చేసి చెప్పాడు. ఒకటి ఉష్ణం, రెండవది ఉష్ణోగ్రత. ఉర్దూలో రెండవదాన్ని 'దర్జయె హరారత్' అంటారు, అంటే వేడిమి మెట్టు. ఒక వస్తువు ఎంత వేడిగా ఉన్నదో చెప్పేది ఉష్ణోగ్రత. ఒక వస్తువు నుండి మరొక వస్తువుకు పోయే శక్తి ఉష్ణం.

ఈ తేడా తెలియాలంటే పెద్ద ప్రయోగం అక్కరలేదు. కమ్మరి కొలిమి దగ్గర ఎగిరే నిప్పురవ్వ ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలు. అది చేతి మీద పడితే చురుక్కుమంటుంది, అంతే. వంద డిగ్రీల దగ్గర మరిగే నీటి కుండ ఒలికితే మాత్రం ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. రవ్వలో ఉష్ణోగ్రత హెచ్చు, కాని అది ఇవ్వగల ఉష్ణం స్వల్పం. కుండలో ఉష్ణోగ్రత తక్కువ, అది ఇవ్వగల ఉష్ణం అపారం. ఇంత సులభంగా కనిపించే ఈ తేడాను గుర్తించడానికి మానవజాతికి 18వ శతాబ్దం దాకా పట్టింది.

రాపిడికి అరబీలో 'ఇహ్తికాక్' అన్న మాట ఉన్నది. ఉర్దూలో 'రగడ్' అంటారు. తెలుగులో పుస్తకాల మాట ఘర్షణ, ఇళ్ళలో మాట రాపిడి. రాపిడికి రెండు ముఖాలు. ఒక ముఖం కదలికను ఆపుతుంది. రెండవ ముఖం వేడిని పుట్టిస్తుంది. ఈ రెండూ ఒకే నాణేనికి రెండు వైపులని గ్రహించడమే ఈ చరిత్ర అంతటి సారాంశం.

మర్ఖ్, అఫార్ చెట్లు

అరబ్బులకు రాపిడితో నిప్పు చేయడం పుస్తకాల జ్ఞానం కాదు, ఎడారి ప్రయాణంలో అన్నం వండుకునే విద్య. రెండు పుల్లలు ఉండేవి. పై పుల్లను 'జంద్' అనీ, కింది పుల్లను 'జందహ్' అనీ పిలిచేవారు. కింది పుల్లకు గుంట చేసి, అందులో పై పుల్లను నిలిపి, అరచేతుల మధ్య వేగంగా తిప్పేవారు. గుంటలో రాలిన పొడి నల్లబడి, పొగలేచి, చివరకు కణకణలాడే నలుసుగా మారేది. దాన్ని ఎండుగడ్డిలో పెట్టి ఊదితే మంట. ఈ పనికి మర్ఖ్, అఫార్ అనే రెండు రకాల చెట్ల కొమ్మలు శ్రేష్ఠమని ప్రతీతి.

దివ్యఖుర్ఆన్‌లోని యాసీన్ సూరా 80వ ఆయతులో పచ్చని చెట్టు నుండి నిప్పు కలిగించడం గురించి, వాఖిఅహ్ సూరా 71, 72 ఆయతులలో మనుషులు రాజేసే నిప్పు గురించి, దాని చెట్టు గురించి ప్రస్తావన ఉన్నది. వ్యాఖ్యాతలు ఈ సందర్భాలలో మర్ఖ్, అఫార్ చెట్ల పేర్లు చెప్పారు. ఇక్కడ ఒక మాట. ఆ ఆయతుల ఉద్దేశం సృష్టికర్త శక్తిని, పునరుత్థానాన్ని గుర్తు చేయడం. వాటిని భౌతికశాస్త్ర పాఠంగా మార్చి చూపే ఉత్సాహం ఈమధ్య కొందరిలో ఎక్కువైంది. అది అటు తఫ్సీర్‌కూ మేలు కాదు, ఇటు శాస్త్రానికీ మేలు కాదు. అయితే ఆ ఆయతులు చదివిన ప్రజల ముందు పచ్చని కొమ్మ, అందులో నుండి వచ్చే నిప్పు ప్రతి దినమూ ఒక ఆశ్చర్యంగా నిలిచి ఉండేవని మాత్రం చెప్పవచ్చు.

దాగుడు వాదం

ఆ ఆశ్చర్యం నుండే 'కుమూన్' చర్చ పుట్టింది. కుమూన్ అంటే దాగి ఉండడం. బస్రాకు చెందిన ముఅతజిలీ పండితుడు ఇబ్రాహీం నజ్జామ్ ఈ వాదానికి ప్రధాన ప్రతినిధి. ఆయన మాటల సారాంశం ఇది: నిప్పు కట్టెలో ముందే ఉన్నది. కట్టెలోని ఎదురు స్వభావాలు దాన్ని అణచి ఉంచాయి. రాపిడి ఆ అడ్డు తొలగిస్తుంది, నిప్పు బయటికి వస్తుంది. నువ్వులలో నూనె ఉన్నట్టే కట్టెలో నిప్పు ఉన్నది.

జిరార్ బిన్ అమ్ర్ వంటివారు దీన్ని ఖండించారు. నిప్పు నిజంగా కట్టెలో ఉంటే కట్టె ముట్టుకున్నవాడి చేయి ఎందుకు కాలదు? కట్టెను చీల్చి చూస్తే మంట ఎందుకు కనబడదు? కంటికి, చేతికి అందని దాన్ని ఉన్నదని ఎట్లా ఒప్పుకోవాలి? నజ్జామ్ శిష్యుడైన జాహిజ్ తన 'కితాబుల్ హయవాన్' గ్రంథంలో నిప్పు గురించి సుదీర్ఘంగా రాస్తూ ఈ వాదోపవాదాలను భద్రపరిచాడు. పేరుకు అది జంతువుల గ్రంథం. కాని అందులో కట్టె, నూనె, దీపం, పొగ అన్నీ సాక్షులుగా నిలబడతాయి.

తరువాతి అష్అరీ పండితులు మరో దారి పట్టారు. వస్తువులలో స్వతహాగా పనిచేసే స్వభావాలు లేవని, దైవమే ప్రతిక్షణం వాటి గుణాలను సృష్టిస్తున్నాడని వారి అభిప్రాయం. ఇమామ్ గజాలీ (రహ్మ) 1095లో ముగించిన 'తహాఫుతుల్ ఫలాసిఫహ్' గ్రంథంలో పత్తి, నిప్పుల ఉదాహరణ ప్రసిద్ధం. నిప్పు తగిలినప్పుడు పత్తి కాలడం మనం చూస్తున్నాము, నిప్పు "వల్లనే" కాలిందని మాత్రం కంటితో చూడలేదు అన్నది ఆ వాదన. ఇది వేదాంత ప్రశ్న. ఆ చర్చలోకి ఈ వ్యాసం పోదు. కాని మూడు పక్షాలవారూ ఒకే నిప్పుపుల్ల చుట్టూ కూర్చున్నారని గమనించాలి.

ఈ చర్చలో బుద్ధికి కొదువ లేదు. తర్కానికి కొదువ లేదు. లోటల్లా ఒకటే. ఏ పక్షమూ "ఎంత?" అని అడగలేదు. పుల్లను ఎంతసేపు తిప్పితే ఎంత వేడి పుడుతుంది? తిప్పుతూనే ఉంటే ఆ వేడి ఎప్పటికైనా అయిపోతుందా? ఈ రెండవ ప్రశ్నను మనసులో ఉంచుకోండి. తొమ్మిది శతాబ్దాలకు పైగా గడిచిన తరువాత జర్మనీ దేశంలో ఒక ఫిరంగి దగ్గర మళ్ళీ కలుస్తుంది.

బీరూనీ ప్రశ్నలు

క్రీ.శ. 10వ శతాబ్దం చివరి ఏళ్ళలో ఇద్దరు మహామేధావుల మధ్య ఉత్తరాలు నడిచాయి. ప్రశ్నించినవాడు 973లో జన్మించిన అబూ రైహాన్ అల్ బీరూనీ. జవాబిచ్చినవాడు 980లో జన్మించిన ఇబ్నె సీనా. ఇబ్నె సీనా అప్పటికి ఇరవై ఏళ్ళ దరిదాపుల్లో ఉన్న యువకుడు. మొత్తం 18 ప్రశ్నలు. అందులో 10 అరిస్టాటిల్ ఆకాశ సిద్ధాంతం మీద, 8 ప్రకృతి విషయాల మీద. మన రెండు భావనలూ వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఒక ప్రశ్న రాపిడి మీద. ఆకాశగోళం తిరుగుతూ తనకు ఆనుకొని ఉన్న గాలిని రాపాడడం వల్ల వేడి పుట్టి, అదే ఆకాశం కింద నిప్పు పొరగా ఏర్పడిందని ఒక మతం ఉండేది. బీరూనీ దీనిని లెక్కల కంటితో చూశాడు. కదలిక ఎంత వేగమైతే వేడి అంత ఎక్కువ కావాలి కదా. గోళం నడుము దగ్గర వేగం అత్యధికం, ధ్రువాల దగ్గరకు పోయేకొద్దీ స్వల్పం. అట్లయితే నిప్పు పొర నడుమ దళసరిగా, ధ్రువాల దగ్గర సన్నగా ఉండాలి. మరి అది అంతటా సమానమైన గోళాకారంలో ఉన్నదని ఎందుకు చెబుతున్నారు? ఇబ్నె సీనా జవాబు: నిప్పు గోళం కదలిక వల్ల పుట్టినది కాదు, అది తన స్థానం గల స్వతంత్ర మూలకమని చాలామంది తత్త్వవేత్తల మతం.

నేడు మనకు ఆ గోళమూ లేదు, ఆ నిప్పు పొరా లేదు. కాని ప్రశ్న అడిగిన తీరు చూడండి. "రాపిడి వల్ల వేడి పుడుతుంది" అన్న మాటను విని ఊరుకోలేదు. "అయితే ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ?" అని నిలదీశాడు. ఇక్కడ "ఎంత?" అన్న ప్రశ్న తొలి అడుగు వేసింది.

మరొక ప్రశ్న సీసా మీద. వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి, చలికి సంకోచిస్తాయి అంటారు. అట్లయితే నీరు నింపి మూత బిగించిన సీసాలో నీరు గడ్డకట్టినప్పుడు సీసా ఎందుకు పగులుతుంది? ఇబ్నె సీనా సిద్ధాంతం నుండి జవాబు చెప్పాడు. లోపలి గాలి చలికి కుంచించుకుపోతుంది, శూన్యం ఏర్పడడం అసంభవం కనుక సీసా పగిలిపోతుంది. దీనికి బీరూనీ అభ్యంతరం సూటిగా ఉన్నది. అట్లయితే సీసా లోపలివైపుకు పగలాలి. నేను చూసినది మాత్రం బయటివైపుకు పగలడం.

ఎంత చిన్న మాట! ఒకవైపు అరిస్టాటిల్ నుండి వచ్చిన వ్యవస్థ అంతా ఉన్నది. రెండవవైపు పగిలిన సీసా పెంకులు ఉన్నాయి. పెంకులు ఎటు పడ్డాయో చూసినవాడే ఆ వేళ గెలిచాడు. నీరు గడ్డకట్టేటప్పుడు సంకోచించదు, దాదాపు నూటికి 9 వంతులు వ్యాకోచిస్తుందని నేడు మనకు తెలుసు. మంచు నీటిపై తేలడానికి కారణం కూడా అదే. మంచు ఎందుకు తేలుతుందన్నదీ బీరూనీ అడిగిన వాటిలో ఉన్నది. గడ్డకట్టేటప్పుడు మంచులో గాలి అంశాలు చిక్కుకోవడమే కారణమని ఇబ్నె సీనా సమాధానం.

ఇబ్నె సీనాను ఈ ఒక్క జవాబుతో తూచకూడదు. కదలిక విషయంలో ఆయన చేసిన ఆలోచన చరిత్రలో నిలిచింది. విసిరిన రాయి చేయి వదిలిన తరువాత కూడా ఎందుకు పోతుంది? చుట్టూ ఉన్న గాలి తోస్తుందని అరిస్టాటిల్. విసిరినవాడి నుండి రాయికి ఒక 'మైల్', అంటే ఒక మొగ్గు సంక్రమిస్తుందని ఇబ్నె సీనా. ఆ మొగ్గు తనంతట తాను తరగదు, గాలి వంటి ఎదురుతోపు దాన్ని అరగదీస్తుంది. అడ్డే లేకపోతే రాయి ఆగనే ఆగదు. ఇంతదాకా వచ్చి ఆయన ఏమన్నాడు? అట్లా ఆగకుండా పోయే వస్తువును మనం చూడలేదు, కనుక శూన్యమే లేదు! నేటి పాఠశాల విద్యార్థి నేర్చుకునే జడత్వ నియమం తలుపు దాకా వెళ్ళి, దాన్ని తెరవకుండానే వెనుదిరిగాడు. తరువాత అబుల్ బరకాత్ బగ్దాదీ తన 'కితాబుల్ మూతబర్' గ్రంథంలో ఈ మొగ్గు చర్చను మరోవైపు నడిపించాడు.

మెట్ల లెక్క

వేడిని మెట్లుగా విభజించాలన్న ఆలోచన వైద్యుల నుండి వచ్చింది. రోగి ఒంటి వేడికి, మందు స్వభావానికి లెక్క కుదరాలి కదా. గ్రీకు వైద్యుడు గాలెన్ మందుల వేడికి, చలువకు నాలుగేసి మెట్లు పెట్టాడు. వేడీ చలువా కాని నడిమి స్థితికి గుర్తుగా మరిగే నీరు, మంచు సమభాగాలుగా కలిపిన మిశ్రమాన్ని చూపాడు. 9వ శతాబ్దంలో అల్ కిందీ ఈ మెట్లకు గణితం జోడించాడు. సమస్థితి కంటే మొదటి మెట్టులో వేడి చలువకు రెండింతలు, రెండవ మెట్టులో నాలుగింతలు, మూడవదానిలో ఎనిమిదింతలు, నాలుగవదానిలో పదహారింతలు. ఈ గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి పోయి ఐరోపా వైద్యుల చేతికి అందింది. ఇబ్నె రుష్ద్ కిందీ లెక్కను గట్టిగా విమర్శించాడు.

మన యునానీ హకీములు ఈనాటికీ ఒక మూలికను 'గరమ్' అనీ, 'ఫలానా దర్జా' అనీ చెబుతుంటే ఆ పాత మెట్లే వినబడతాయి. అయితే ఆ మెట్టు నాలుకకు, అనుభవానికి సంబంధించినది. అది గాజు గొట్టంలో చూసి చదివే అంకె కాదు.

గాలెన్ మిశ్రమం మీద ఒక లెక్క వేసి చూద్దాము. ఒక కిలో మంచు, ఒక కిలో మరిగే నీరు కలిపితే సున్నాకూ నూరుకూ నడుమ 50 డిగ్రీలు వస్తుందని ఎవరైనా అనుకుంటారు. వాస్తవంగా వచ్చేది సుమారు 10 డిగ్రీలు మాత్రమే. మంచు కరగడానికే మరిగే నీటిలోని వేడిలో పెద్ద భాగం ఖర్చయిపోతుంది. ఆ కరిగే వేళ మంచు ఉష్ణోగ్రత ఏమీ పెరగదు. ఉష్ణం లోపలికి పోతున్నా ఉష్ణోగ్రత కదలదు! ఈ రహస్యాన్ని స్కాట్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతంలో పట్టుకున్నాడు. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న తేడా అప్పుడు గాని గట్టిపడలేదు. గాలెన్ కాలం నుండి ఈ మిశ్రమం మాట వింటూ వచ్చిన లోకానికి అందులోని పాఠం చదవడానికి ఒక పరికరం కావలసి వచ్చింది.

గాజు గొట్టం

ఆ పరికరం కథలోనూ మన గ్రంథం ఒకటి కనిపిస్తుంది. ఇటలీ వైద్యుడు సాంటోరియో 17వ శతాబ్దం ఆరంభంలో రోగుల వేడిని గమనించడానికి గాలి వ్యాకోచంతో పనిచేసే గొట్టాన్ని ఉపయోగించి, దానికి కొలత గీతలు పెట్టాడు. ఆ పరికరాల బొమ్మలను 1625లో ప్రచురించిన ఒక వ్యాఖ్యాన గ్రంథంలో చూపాడు. దేని మీద వ్యాఖ్య? ఇబ్నె సీనా వైద్యగ్రంథం 'అల్ ఖానూన్' మొదటి భాగం మీద! పాత గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ కొత్త పరికరాన్ని పరిచయం చేశాడు. గౌరవమూ పరిశోధనా ఒకే పుటలో ఇమిడాయి. వ్యాఖ్యానం అంటే ఇట్లా ఉండాలి.

ఆ తరువాత ఫారెన్‌హీట్ పాదరసపు ఉష్ణమాపకం చేసి 1724లో తన కొలమానాన్ని ప్రకటించాడు. 1742లో స్వీడన్ ఖగోళవేత్త సెల్సియస్ నీరు మరగడానికీ గడ్డకట్టడానికీ నడుమ నూరు మెట్లు పెట్టాడు. తమాషా ఏమంటే ఆయన మరిగే స్థానాన్ని సున్నా అనీ, గడ్డకట్టే స్థానాన్ని 100 అనీ పెట్టాడు. దాన్ని తరువాతివారు తలకిందులు చేశారు.

రాపిడికీ ఈ కాలంలోనే కొలతలు వచ్చాయి. 1699లో ఫ్రాన్స్ దేశస్థుడు అమొంతాన్ రెండు నియమాలు ప్రకటించాడు. బరువు రెట్టింపయితే రాపిడి రెట్టింపవుతుంది. వస్తువు అడుగు వెడల్పుగా ఉన్నా ఇరుకుగా ఉన్నా రాపిడి మారదు. రెండవ నియమం చాలామందికి నమ్మశక్యం కాలేదు. చెక్కపెట్టెను వెడల్పు వైపు పడుకోబెట్టి లాగినా, ఇరుకు వైపు నిలబెట్టి లాగినా పట్టే బలం ఒకటేనా? కులోం 1785లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు అదే తేల్చాడు. కారణం 20వ శతాబ్దంలో స్పష్టమైంది. ఎంత నునుపైన తలమైనా సూక్ష్మంగా చూస్తే కొండలూ లోయలే. రెండు తలాలు నిజంగా తాకేది కొన్ని శిఖరాల దగ్గర మాత్రమే. ఆ నిజమైన తాకిడి బరువును బట్టి పెరుగుతుంది గాని పైకి కనిపించే వెడల్పును బట్టి కాదు. ఈ నియమాలను లియొనార్డో డావించీ రెండు వందల ఏళ్ళ ముందే తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. అవి అచ్చు కాలేదు, ఎవరికీ అందలేదు. తెరవని పుస్తకంలోని జ్ఞానం లోకానికి లేనట్టే.

ఫిరంగి దగ్గర జవాబు

18వ శతాబ్దంలో ఐరోపా పండితులలో చాలామంది వేడిని కంటికి కనబడని ఒక ద్రవంగా భావించారు. ఆ ద్రవం వస్తువులలో దాగి ఉంటుంది, రుద్దితే పిండినట్టు బయటికి వస్తుంది అన్నారు. పాఠకులు ఇది విన్న మాటే కదా! నజ్జామ్ దాగుడు వాదం వేరే వేషంలో వచ్చింది. ఒకరి నుండి ఒకరు తీసుకున్నారని నేను చెప్పడం లేదు. ఒకే ప్రశ్న ఎదురైతే మనుషుల బుద్ధి ఒకే రకపు జవాబు వైపు మొగ్గుతుందని మాత్రం అంటున్నాను.

రమ్‌ఫర్డ్ అనే అధికారి మ్యూనిక్ ఆయుధశాలలో ఇత్తడి ఫిరంగులకు రంధ్రాలు తొలిపిస్తుండేవాడు. తొలిచేటప్పుడు లోహం భరించలేనంతగా వేడెక్కడం ఆయన్ను ఆలోచింపజేసింది. మొద్దుబారిన తొలుపును బిగించి, చుట్టూ నీటితొట్టి అమర్చి, గుర్రాలతో తిప్పించాడు. సుమారు రెండున్నర గంటలకు నీరు మరిగింది. నిప్పు లేకుండా నీరు మరగడం చూసి చుట్టూ ఉన్నవారు నివ్వెరపోయారు. 1798లో ఆయన లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వాదన ఇది: తిప్పినంతసేపూ వేడి వస్తూనే ఉన్నది. దాగి ఉన్న సరుకైతే ఎప్పటికైనా అయిపోవాలి. అయిపోనిది సరుకు కాదు. కనుక వేడి ఒక రకమైన కదలికే.

బస్రాలో అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న ఇదే. ఇక "ఎంత?" అన్న దానికి జవాబు ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ జూల్ ఇచ్చాడు. కింద పడే బరువులతో నీటిలో తెడ్లు తిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో కొలిచాడు. 1850లో ఆయన ప్రకటించిన లెక్క: ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించాలంటే 772 పౌన్ల బరువు ఒక అడుగు కిందికి దిగాలి. రాపిడి మింగినట్టు కనిపించిన పని ఎక్కడికీ పోలేదు, లెక్కకు లెక్క వేడిగా మారింది. కదలికను ఆపే రాపిడి, వేడిని పుట్టించే రాపిడి ఒక్కటేనని అట్లా తేలింది.

ఇప్పుడు మర్ఖ్ పుల్ల దగ్గరకు తిరిగి వద్దాము. నేటి జ్ఞానం ప్రకారం ఎవరు గెలిచారు? పుల్లను వేడెక్కించిన తొలి వేడి కట్టెలో దాగినది కాదు. అది తిప్పిన చేతుల శ్రమ. ఇందులో నజ్జామ్ ప్రత్యర్థులది నిజం. కాని నలుసు రాజుకున్న తరువాత వచ్చే మంటకు మూలమైన శక్తి, చెట్టు ఎండ నుండి గ్రహించి తన దేహంలో నిలవ చేసుకున్నది. అంటే కట్టెలో ఏదో దాగి ఉన్నదన్న మాట పూర్తిగా తోసివేయదగినది కాదు. ఇద్దరూ ఒకే మంటను చూస్తూ రెండు వేర్వేరు సంగతుల గురించి వాదించుకున్నారు. కొలత లేనిచోట ఇట్లా జరుగుతుంది.

హైదరాబాదు బాకీ

ఈ చరిత్రలో మన ప్రాంతానికి ఒక గౌరవస్థానం ఉన్నది. 1888లో హైదరాబాదులో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ అరబీ రాతప్రతులను పరిష్కరించి లోకానికి అందించింది. అబుల్ బరకాత్ 'కితాబుల్ మూతబర్' హిజ్రీ 1357 - 58 ప్రాంతంలోనూ, ఖాజినీ 1121 - 22 ప్రాంతంలో రచించిన త్రాసుల గ్రంథం 'మీజానుల్ హిక్మహ్' హిజ్రీ 1359లోనూ, బీరూనీ 'ఖానూనె మసూదీ' 1954 - 56 మధ్యనూ ఇక్కడే అచ్చయ్యాయి. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా పండితులు ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం భౌతికశాస్త్ర పదాలను ఉర్దూలో తీర్చారు. ప్రపంచ పరిశోధకులు హైదరాబాదు ప్రతులు తిరగేస్తున్నారు. తెలుగు చదివే ముస్లిం బాలుడికి మాత్రం అందులో ఒక్క పుట అందలేదు. ఈ బాకీ నావంటి అనువాదకులది.

ఇప్పుడు నా స్వానుభవం. మద్రసా ముగించి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన కొత్తలో ఒక పట్టణంలో జరిగిన సభలో మాట్లాడాను. పాశ్చాత్యులు కనిపెట్టామంటున్న వేడి సూత్రాలన్నీ మన గ్రంథాల్లో వెయ్యేళ్ళ క్రితమే ఉన్నాయని ఆవేశంగా చెప్పాను. తక్బీర్ నినాదాలు మిన్నుముట్టాయి. సభ ముగిశాక ఒక వృద్ధుడు, పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుడు, నెమ్మదిగా దగ్గరకు వచ్చి సలాం చేసి, "మౌల్వీ సాబ్, చాలా సంతోషం. ఆ గ్రంథంలో ఎన్ని డిగ్రీలని రాశారో చెబుతారా? మనవడికి చూపిస్తాను" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలన్న కోరిక ఉన్నది. నా దగ్గర జవాబు లేదు. నేను ఆ గ్రంథం చదవలేదు, ఎవరో చెప్పగా విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను అనువాదకుడినైనది ఆ ప్రశ్న వల్లనే.

ఇన్నేళ్ళు చదివాక ఆ పెద్దమనిషికి చెప్పవలసిన జవాబు ఇది. చాచా, ఆ గ్రంథాల్లో డిగ్రీలు లేవు. ఉన్నవి ప్రశ్నలు. పెంకులు ఏ వైపుకు పడ్డాయని అడిగిన ధైర్యం ఉన్నది. ఎంత గొప్పవాడి మాటైనా చూసినదానికి సరిపోకపోతే, మర్యాద తప్పకుండా అభ్యంతరం చెప్పే సంస్కారం ఉన్నది. ఇబ్నె సీనా గొప్పతనాన్ని బీరూనీ కాదనలేదు. తన మరో గ్రంథంలో ఆయన్ను ఉత్తముడైన యువకుడని పేర్కొన్నాడు. అయినా సీసా విషయంలో రాజీపడలేదు.

లేని ఘనతను పూర్వీకులకు అంటగడితే వారికి గౌరవం పెరగదు. పైగా వారు నిజంగా చేసినది కూడా అనుమానం పాలవుతుంది. మన పిల్లవాడు రేపు పాఠశాలలో రమ్‌ఫర్డ్, జూల్ పేర్లు చదివినప్పుడు వారిని పరాయివారిగా చూడనవసరం లేదు. అదే పిల్లవాడు బీరూనీ పేరు విన్నప్పుడు చప్పట్లతో సరిపెట్టుకోనూ కూడదు. శీతకాలపు ఉదయం చేతులు రుద్దుకుంటూ, ఈ వెచ్చదనం ఎక్కడిది, ఎంత, ఎందుకు అని అడగగలిగితే చాలు. సరైన జ్ఞానం అల్లాహ్‌కే ఉన్నది.